దొరకని తల

పిల్లలను సైన్సు మ్యూజియానికి తీసుకువెళ్ళడమంటే అన్ని మీటలూ నొక్కించి, అన్ని గదులూ తిప్పి ఇంటికి చేర్చడమేనన్న భావన మన పెద్దలలో బలంగా పాతుకుపోయింది. నా మటుకు, వారిని ఒక్క వస్తువు ముందు అరగంటసేపు నిలబడనివ్వడమే మేలనిపిస్తుంది.

హైదరాబాదు బిర్లా సైన్సు సెంటరులోని కోటసారస్ అస్థిపంజరాన్నే తీసుకోండి. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి వద్ద బయటపడిన రాక్షసబల్లి అది. భూగర్భ శాస్త్రవేత్త యాదగిరి 1988లో దానికి పేరు పెడుతూ, ఆ పల్లె పేరును కూడా శాస్త్రీయనామంలో చేర్చారు. తవ్వకాలలో కనీసం 12 జంతువుల ఎముకలు కలగలిసి దొరికాయి. కానీ, రెండు పళ్ళు మినహా తల దొరకనే లేదు.

"మరి ఈ తల ఎక్కడిది?" అని మా అమ్మాయి అడిగింది. ఊహించి అమర్చినదని చెప్పాను. "ఎలా ఊహించారు?" అన్నది తరువాతి ప్రశ్న.

దొరికినది ఏది, ఊహించినది ఏది అని వేరుచేసి చూడగలగడమే శాస్త్రానికి ఓనమాలు. పాఠ్యపుస్తకంలో రెండూ ఒకే అచ్చులో, ఒకే ధీమాతో కనిపిస్తాయి. ఇక్కడ ఆ తేడా కళ్ళెదుట నిలబడి ఉంటుంది. "చూశావుగా, ఇక పద, ప్లానెటేరియం షోకి వేళవుతోంది" అంటూ చెయ్యిపట్టి లాక్కుపోతే ఆ ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. మళ్ళీ ఎప్పుడు పుడుతుందో ఎవరు చెప్పగలరు?