సెగలు కక్కే గీజరు
బోరు నీళ్లు కాచిన గిన్నెకు అడుగున తెల్లటి పక్కు కడుతుందని మా రొళ్ల వైపు ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. గీజరులోనూ అదే కడుతుంది, మన కంటికి కనపడదు, అంతే. నీళ్లు మరీ సలసలా వస్తుంటే చన్నీళ్లు తొరిపి సరిపెట్టుకుంటాం. నాకది నచ్చదు. 60 డిగ్రీల నీళ్లకు చర్మం కాలడానికి అయిదారు సెకన్లు చాలు. 50 డిగ్రీలైతే చెయ్యి లాక్కునే వ్యవధైనా ఉంటుంది. ముందు డయల్ తగ్గించి చూడాలి (కొన్నిటికి అది మూత లోపల దాక్కుని ఉంటుంది). తగ్గించినా సెగ తగ్గలేదంటే థర్మోస్టాట్‌ను అనుమానించాల్సిందే: దాని గొట్టానికి సున్నం పట్టి వేడి ఆలస్యంగా తెలుస్తుంది, లేదా లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి కరెంటు ఆగదు. మార్పిస్తే సరి. నా అసలు భయం వేరే. మాటిమాటికీ ట్రిప్పవుతోందని, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌట్‌ను తప్పించి వైరు నేరుగా కలిపేసే ఘనులున్నారు. పొయ్యి మీది హండాలో ఆవిరి మూత లేపుకుని పోతుంది. బిగించిన ట్యాంకుకు అప్పుడిక సేఫ్టీ వాల్వే దిక్కు, దానికీ ఈ సున్నమే పడుతుంది. అలాంటి వాణ్ణి గడప దగ్గరే ఆపండి. ఎంసీబీ దించి, నీళ్లు చల్లారాక, తెలిసినవాడి చేత ట్యాంకు విప్పించి ఆ పక్కు గీకించండి.