సొరచేప సినిమాలో చచ్చేది ఎవరు?



'ది షాలోస్' సినిమా చూడొద్దని చెప్పడానికి మేము ఈ పోస్టు రాయడం లేదు. చూడండి, బాగుంటుంది. కానీ చూసేటప్పుడు చచ్చేవాళ్లు ఎవరో ఒక్కసారి లెక్కపెట్టండి.

ఇది 2016లో వచ్చిన హాలీవుడ్ సినిమా. నాన్సీ అనే అమెరికా మెడికల్ స్టూడెంట్ మెక్సికోలో ఎవరికీ పెద్దగా తెలియని బీచ్‌కి సర్ఫింగ్ కోసం వెళ్తుంది. నీళ్లలో ఉండగా సొరచేప ఆమె కాలు కరుస్తుంది. ఒడ్డు కళ్ల ముందే ఉంటుంది, ఈదితే చేరేంత దూరం. మధ్యలో సొర తిరుగుతుంటుంది. ఆమె ఒక చిన్న రాయి ఎక్కి కూచుంటుంది. సముద్రం పోటెక్కితే ఆ రాయి కూడా మునిగిపోతుంది. గంటన్నర పాటు మనల్ని కదలనివ్వకుండా కూచోబెట్టేది ఇదే.

మాకు నచ్చింది ముందు చెప్తాం. ఆమెను మొదట నిలబెట్టింది చదువు, ఓపిక. సర్ఫింగ్ బోర్డు తాడుతో కాలు బిగించి రక్తం ఆపుతుంది. ఒంటి మీది నగలతోనే గాయం కుట్టుకుంటుంది. సొర ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు పడుతోందో వాచీ చూసి లెక్కేస్తుంది. జంతువు దారీ వేళా కనిపెట్టి నడుచుకోవడం మన పెద్దలకు కొత్త కాదు. తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లే మన అవ్వలకు ఆ చెట్ల కిందికే ఎలుగుబంటి కూడా వస్తుందని తెలుసు.

ఇక నచ్చనిది. సినిమాలో సొరకు బలయ్యేది ముగ్గురు. ముగ్గురూ అక్కడివాళ్లే. ఒకడు తాగి ఒడ్డున పడుంటాడు. ఆమె సాయం అడిగితే సామాను దొంగిలిస్తాడు, బోర్డు కోసం నీళ్లలోకి దిగి చస్తాడు. మిగతా ఇద్దరు అక్కడి సర్ఫర్లు. నాన్సీ వాళ్ల అమ్మ, నాన్న, చెల్లెలి గురించి మనకు తెలుస్తుంది. ఈ ముగ్గురి కోసం ఏ ఇంట్లో ఏడ్చారో సినిమాకు అక్కర్లేదు. ఆమెను బీచ్‌కి తెచ్చిన కార్లోస్, అతని కొడుకు మంచివాళ్లే. అయితే వాళ్లకున్న పని దారి చూపడం, చివర్లో కాపాడడం, అంతే.

ఈ లెక్క మనకు తెలియనిదా? తెలుగు సినిమాల్లో అడవి సీను వస్తే చాలాసార్లు మనవాళ్లు ఈకలు పెట్టుకుని గెంతుతారు, సారా తాగి పడుంటారు, లేదంటే హీరోకి దారి చూపించి చచ్చిపోతారు.

సొర సంగతీ అంతే. ఆ తీరంలో చచ్చిన తిమింగలం తేలుతూ ఉంటుంది. తెల్ల సొరలు అలాంటి కళేబరాలను తింటాయన్నది నిజం. అంత తిండి పక్కన పెట్టుకుని ఒక్క మనిషి వెంట రాత్రీ పగలూ పడాల్సిన పని దానికి లేదు. ఆ పగ కథ రాసినవాళ్లది. 1975లో 'జాస్' వచ్చాక సొర అంటేనే జనం వణికారు. ఆ నవల రాసిన పీటర్ బెంచ్లీయే తర్వాత సొరల రక్షణ కోసం పనిచేశాడు. సొర దాడుల్లో చనిపోయేవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఏడాదికి మామూలుగా పదిమందికి అటూ ఇటూ. మనుషులు చంపే సొరలు ఏడాదికి దాదాపు 10 కోట్లని 2013లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

సినిమాయే కదా, ఇంత ఆలోచించాలా అని కొందరు అంటారు. ఆలోచించాలి. అడవి భయంకరమైన చోటు, అక్కడ మనుషులు ఉండలేరు, బయటికి తేవడమే వాళ్లకు మేలు అని ఎవరైనా అంటే వినేవాళ్లు వెంటనే తలూపుతారు. అలా తలూపడం ఇలాంటి కథలు కూడా నేర్పాయి. నల్లమలలో పులులున్నాయి, చెంచులూ ఉన్నారు. పులి జాడ పట్టడానికి అటవీ శాఖ కూడా చెంచులనే పనిలో పెట్టుకుంటుంది. వన్యప్రాణుల పేరు చెప్పి కదిలించాలన్నా గ్రామసభ ఒప్పుకోవాలని 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. అడవిలో మనిషి బతుకు ఎలా ఉంటుందో బయటివాళ్లు మన నోట వినకపోతే, ఆ చట్టం కోసం మనతో నిలబడేది ఎవరు?

అందుకే మేము అడిగేది రెండే. ఊరికి వెళ్లినప్పుడు పులినో ఎలుగునో ఎదురుపడి బతికొచ్చిన పెద్దవాళ్ల మాటలు మీ భాషలోనే ఫోన్లో రికార్డు చేయండి. రేపు మనలో ఎవరో ఒకరు సినిమా తీస్తే కథ అక్కడి నుంచే రావాలి. రెండోది, మీరు ఈమధ్య చూసిన సినిమా పేరు, అందులో మనలాంటివాళ్లు ఎంతమంది చచ్చారో కింద రాయండి.

జై ఆదివాసీ!