ఏటికి ఇవతలి చెంచులు

ముందెవరు, వెనకెవరు అని మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. తాతల కాగితాలు తెమ్మంటున్నారు. సరే, మార్కాపురం నుంచి దోర్నాల దాటి నల్లమలలోకి పోయి ఇదే మాట చెంచుల్ని అడగండి. అందరికన్నా ముందున్నది వాళ్లేనని మీ పుస్తకాలే రాశాయి. వాళ్ల దగ్గర ఏ కాగితముంది?

మా ఇళ్లలో 1839ని తలచుకుని బాధపడే పెద్దలున్నారు. కంపెనీ కర్నూలు నవాబును పట్టుకున్న ఏడది. కానీ కంభం, మార్కాపురం అంతకుముందే పోయాయి. 1800లో నిజాం దత్తమండలాలు రాసిచ్చినప్పుడు ఇవీ అందులోనే ఉన్నాయి. రాసిచ్చినవాడు మా మతం వాడే. కొండమీది చెంచును అడిగి ఇచ్చాడా?

తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది, నల్లమల రిజర్వు అడవి అయింది. తేనె తీసినచోట, గడ్డలు తవ్వినచోట చెంచు దొంగయ్యాడు. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసుకూ వచ్చాక కర్నూలు జిల్లా చెంచుల మీద పోలీసు ముద్ర కూడా పడింది. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలోదే.

స్వాతంత్ర్యం వచ్చింది. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. దొరల అటవీ శాఖ మాత్రం పేరు మారకుండా మనదయింది.

అసలు మోసం ఆ తర్వాతిది. 1950లో షెడ్యూల్డ్ ప్రాంతాలు ప్రకటించారు. కృష్ణకు అవతల, నిజాం రాజ్యంలో ఉన్న అమ్రాబాద్ వైపు చెంచు ఊళ్లు అందులో చేరాయి. ఇవతల, మద్రాసు కింద ఉన్న మన నల్లమల చేరలేదు. ఒకే జాతి, ఒకే అడవి, మధ్యలో ఏరు. 1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమయ్యాయి, గీత చెరగలేదు. 1970లో మార్కాపురం, గిద్దలూరు తాలూకాల్ని కర్నూలు నుంచి తీసి ఒంగోలు జిల్లాలో కలపడానికి సర్కారుకు తీరిక దొరికింది. అదే ఏడు 1/70 చట్టం వచ్చింది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా షెడ్యూల్డ్ ప్రాంతంలో అది కాపు. ఇవతలి చెంచుకు ఆ కాపు లేదు. 1996లో వచ్చిన పెసా కూడా లేదు. 2014లో రెండు ఒడ్లూ రెండు రాష్ట్రాలకు పోయాయి, ఇక అడిగే నాథుడే లేడు.

అహోబిలంలో నరసింహుడు చెంచుల అల్లుడు. ఏటేటా కల్యాణం చేస్తారు. అల్లుడికి గుడి కట్టి, మామను ఆఫీసుల చుట్టూ తిప్పడం మన సంప్రదాయం కాబోలు!

1983లో పులుల ప్రాజెక్టు వచ్చింది. యర్రగొండపాలెం మండలం పాలుట్ల లాంటి గూడేలు అడవి నడుమ ఉన్నాయి. పులి పక్కన తరతరాలు బతికినవాళ్లే పులికి అడ్డమట. 2006 అటవీ హక్కుల చట్టం కింద కొందరికి పట్టాలొచ్చాయి, నిజమే. కానీ ఆ చట్టం కూడా 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ అక్కడున్నట్టు రుజువు అడుగుతుంది. చెంచును!

సెక్యులర్ మిత్రులారా, మా పౌరసత్వం గురించి సభలు పెట్టినప్పుడు ఈ సంగతి ఎందుకు రాదు? మేమూ తప్పుకోం. సంతలో వాళ్ల తేనె తక్కువకు తూచిన చేతుల్లో మావీ ఉన్నాయి.

ఐదో షెడ్యూలు ఆరో పేరా ప్రకారం గవర్నరును సంప్రదించి రాష్ట్రపతి ఒక్క ఉత్తర్వు ఇస్తే ఇవతలి గూడేలూ చేరతాయి. పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు. 1950 నుంచి ఆ కాగితం ఎవరి బల్ల మీద ఆగింది?