హీరోయిన్ కాలికింద తివాచీ

పాతకాలం కథ తీస్తున్నారంటే చాలు, ప్రొడక్షన్ వాళ్ళ కళ్ళు పాత కార్ల మీద పడతాయి. ఆ మధ్య అలా మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని మీద పడ్డాయి! అదేనండీ, ఇప్పటికీ మనం ఫియట్ అనే పిలుచుకుంటాం. సినిమా పేరు మాత్రం అడక్కండి!

ఒకటే చిక్కు. హీరోయిన్ కారు దిగే షాట్‌లో కెమెరా కిందనుంచి చూస్తుందట. అక్కడ ఉన్నది చిరుగుల రబ్బరు మ్యాటు. "కార్పెట్ వేయించండి సార్" అన్నాడు ఆర్ట్ అసిస్టెంటు. వేయించడమేమిటి, నేనే వేస్తానన్నాను. జర్నలిస్టుకి రాని విద్య ఉంటుందా?

ఇంట్లో చెక్కపని కోసం తెచ్చిన తెల్లబంక ఉంది. రేకుమీద దట్టంగా పూసి కార్పెట్ అద్దేశాను. చూడ్డానికి భేషుగ్గా ఉంది! మర్నాడు మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టి, సాయంత్రం లొకేషన్‌కి బయల్దేరాను. మలుపులో ముందు ఆటో ఆగింది. బ్రేకు తొక్కితే పెడల్ సగంలోనే ఆగిపోయింది. కార్పెట్ అంచు జారి దానికింద ముద్దయిపోయింది! హ్యాండ్‌బ్రేకు లాగాను. ఆటోకీ మాకూ మధ్య జానెడు. వెనకసీట్లో నాన్నగారు. ఆయన ఏమీ అనలేదు. అదే భయం వేసింది.

తిన్నగా సీటుకవర్లు కుట్టే మేస్త్రి దగ్గరకి తీసుకెళ్ళాను. కార్పెట్ ఎత్తి చూసి నవ్వాడు. "చెక్కయితే నీళ్ళు పీలుస్తుంది బాబూ, బంక ఆరుతుంది. రేకు ఏం పీలుస్తుంది?" అన్నాడు. నిజమే, అడుగున బంక ఇంకా పచ్చిగానే ఉంది. పైగా వేసవిలో మూసిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఆ సెగకి మామూలు కాగితాల స్ప్రే బంకలు కూడా మెత్తబడి వదిలేస్తాయట.

అతను తీసింది పసుపురంగు రబ్బరు సొల్యూషన్. చెప్పులవాళ్ళూ, సోఫాలవాళ్ళూ వాడేదే. ముందు తుప్పు గీకి రెడాక్సైడు కొట్టాడు. తుప్పుమీద పూస్తే బంక తుప్పుకే అంటుకుంటుంది, రెండూ కలిసి ఊడొస్తాయి. ప్రైమరు బాగా ఆరాక కార్పెట్ ఉత్తినే పరిచి సుద్దముక్కతో గీతలు గీశాడు. తర్వాత రేకుకీ కార్పెట్‌కీ రెండింటికీ పల్చగా పూసి, పావుగంట వదిలేశాడు. వేలు పెడితే అంటకూడదట! అప్పుడు అద్దాడు. ఒకసారి పట్టిందంటే జరపడానికి వీల్లేదు, అందుకే ఆ గీతలు. నేను సిగరెట్ తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఆవిరి నిప్పు చూస్తే భగ్గుమంటుంది. నాలుగు తలుపులూ బార్లా తెరిచే పనిచేశాడు.

తమాషా ఏమిటంటే, ఇంత చేసినవాడు నడుమ గుట్టకీ, తలుపుల కింది అంచులకీ మాత్రమే బంక పూశాడు. కాళ్ళుపెట్టే చోట చుక్క వేయలేదు! ప్రెస్‌బటన్లతో బిగించాడు. పెడల్స్ దగ్గరైతే కార్పెట్ బెత్తెడు వెనక్కే కత్తిరించేశాడు. "అద్దం రబ్బరు సందులోంచి వాన కారుతుంది బాబూ. అంటించేస్తే తడి కిందే ఉండి రేకుని తినేస్తుంది" అన్నాడు.

సినిమాలో ఆ కార్పెట్ రెండు సెకన్లు కనిపించింది, హీరోయిన్ చెప్పుకింద. హాల్లో ఎవరూ ఈల వెయ్యలేదు, నేను తప్ప!

మొన్న వాన వెలిశాక నాన్నగారు బటన్లు విప్పి కార్పెట్ ఎత్తి చూశారు. తడి! తీసుకెళ్ళి నా చొక్కాల పక్కనే దండెం మీద ఆరేశారు.