చూచి నేర్చే విద్య కాదు జేసీబీ

పలుగు, పార, తట్టలతో పదిమంది కూలీలు రోజుల తరబడి చేసే తవ్వకాన్ని నేడు ఒక యంత్రం ఒక పూటలో చేసి పెడుతున్నది. ఇంటి పునాది, పొలం గట్టు, పైపుల కాలువ, దేనికైనా రైతు నోట వచ్చేది ‘జేసీబీని పిలువు’ అన్న మాటే. నిజానికి అది యంత్రం పేరు కాదు. 1945లో బ్రిటన్‌లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ స్థాపించిన కంపెనీకి ఆయన పేరులోని పొడి అక్షరాలు. ఏ కంపెనీ తయారు చేసినా జనం నోట పేరు ఒకటే అయింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీత, ఆ తర్వాత వచ్చిన మిషన్ భగీరథ పైపులైన్ల పనులతో నల్లగొండ జిల్లా పల్లెలకు ఈ యంత్రం మరింత చేరువైంది.

యంత్రం వచ్చింది. మరి దాన్ని నడిపే విద్య ఎక్కడ నేర్పుతున్నారు? పదో తరగతి తప్పిన కుర్రవాడు హెల్పర్‌గా చేరతాడు. గ్రీజు పెట్టడం, డీజిల్ పోయడంతో మొదలు పెడతాడు. ఆపరేటర్ భోజనానికి వెళ్లినప్పుడు లివర్లు పట్టుకుంటాడు. ఆరు నెలలు తిరిగేసరికి తానే ఆపరేటర్. చేయి తిరిగిన మాట నిజమే కావచ్చు. కాని తవ్వడం వేరు, ప్రమాదం లేకుండా తవ్వడం వేరు. రెండోది పక్కన కూర్చుని చూచినంత మాత్రాన రాదు.

నేర్వవలసినవి ఏమిటి?

సుమారు ఏడెనిమిది టన్నుల బరువుండే యంత్రమిది. వెనుక తొండంతో తవ్వే ముందు పక్క కాళ్లను గట్టి నేల మీద దించి, యంత్రాన్ని సమంగా నిలపాలి. మెత్తని నేలయితే కాళ్ల కింద మందపాటి చెక్కలు వేయాలి. తొండం తిరిగే మేర ఎవరూ నిలబడకూడదు. వాలులో పనిచేసేటప్పుడు మట్టిని పల్లం వైపు తిప్పి పోస్తే యంత్రం ఒరిగే ప్రమాదం ఉంటుంది. దిగేటప్పుడు తొట్టిని నేలకు ఆన్చి, బ్రేకు వేసి, ఇంజను ఆపి, తాళం చెవి తీసుకోవాలి.

ఇక కాలువ తవ్వకం. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుల పైమాటే. అది మీద పడితే పార అందుకునే వ్యవధి కూడా ఉండదు. అయిదడుగుల లోతు దాటిన కాలువలోకి, పక్కలకు దన్ను పెట్టకుండానో, గోడలను ఏటవాలుగా చెక్కకుండానో మనిషిని దించరాదు. తవ్విన మట్టిని అంచునే పోయరాదు. వానలో నానిన నల్లరేగడి ఎప్పుడు జారుతుందో చెప్పలేము.

అన్నిటికన్నా పెద్ద గండం తలపైన తీగలు. 11 వేల వోల్టుల లైనుకు తొండం తాకనక్కరలేదు, మరీ దగ్గరగా వెళ్లినా కరెంటు దూకవచ్చు. కనీసం పది అడుగుల ఎడం ఉండాలి. అంతకు లోపల పని ఉంటే ముందుగా విద్యుత్ సిబ్బందికి చెప్పి లైను ఆపించాలి. పొరపాటున తాకితే ఆపరేటర్ కంగారుపడి దిగరాదు. సరఫరా ఆగే వరకు సీటులోనే ఉండాలి. మంటలు లేచి దిగక తప్పకపోతే, యంత్రాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లు కలిపి దూరంగా దూకాలి. పాదాలు ఎడం చేయకుండా జరుగుతూ వెళ్లాలి. ఈ ఒక్క మాట ఎంతమంది ఆపరేటర్లకు తెలుసు?

తప్పు కుర్రవాళ్లది మాత్రమే కాదు. గంట లెక్కన కిరాయి కట్టే మనం ‘త్వరగా కానీయి’ అని తొందర పెడతాము. ఊరేగింపుల్లో ముందు తొట్టిలోకి మనుషులను ఎక్కించి పూలు చల్లిస్తాము. అది మట్టి ఎత్తే తొట్టి, మనుషుల పల్లకి కాదు. యంత్రం వచ్చిందంటే పిల్లలు చుట్టూ మూగుతారు, పెద్దలు వారిని అదిలించరు.

రోడ్డెక్కే యంత్రానికి రిజిస్ట్రేషన్, బీమా, నడిపేవానికి లైసెన్సు ఉండాలని చట్టం చెబుతున్నది. లైసెన్సు లేనివాడు నడిపి ప్రమాదం జరిగితే బీమా సొమ్ము చిక్కుల్లో పడుతుంది. పరిహారం భారం యజమాని నెత్తిన పడి, అప్పు తెచ్చి కొన్న యంత్రంతో పాటు పొలం కూడా పోవచ్చు.

ఆపరేటర్లకు శిక్షణ ఇప్పించి ధ్రువపత్రాలు ఇచ్చేందుకు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ అనే సంస్థ దేశంలో ఉంది. అయితే పల్లె కుర్రవాడు పనిమాని, చార్జీలు పెట్టుకుని పట్నం పోయి నేర్చుకోగలడా? శిక్షణే అతని దగ్గరకు రావాలి. జిల్లాలోని ఐటీఐలలో ఒక పాత యంత్రాన్ని ఉంచి, పనులు తక్కువగా ఉండే వానాకాలంలో స్వల్పకాలిక తరగతులు నడపాలి. ఇప్పటికే పని వచ్చినవారికి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇవ్వాలి. విద్యుత్ శాఖ ఇంజనీరు వచ్చి ఒక పూట పాఠం చెప్పాలి. పంచాయతీ పనులకు కాగితాలు సరిగా ఉన్న యంత్రాన్నే పిలవాలని సర్పంచులు పట్టుబట్టాలి.

ఈ పని నేర్చిన యువకునికి ఊళ్లోనే అన్నం దొరుకుతుంది, పొరుగు రాష్ట్రాల్లోనూ, గల్ఫ్‌లోనూ గిరాకీ ఉంటుంది. ఆ అన్నం ప్రాణానికి ముప్పు లేకుండా దొరకాలి. జిల్లా అధికారులు ఈ విషయంపై దృష్టి సారించాలి. వారు కదిలేలోగా, రేపు మన పొలంలోకి యంత్రం వచ్చినప్పుడు కిరాయి ఎంత అని అడిగే ముందు, నడిపేవానికి లైసెన్సు ఉందా అని మనమూ అడుగుదాము.