అట్ట శిరస్త్రాణం, వెండి కాగితం

డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో అట్టపెట్టెలకు గిరాకీ పెరుగుతుంది. కిరాణా కొట్టువాళ్ళ బిస్కెట్ పెట్టెలు, ఎవరింట్లోనో కొత్తగా కొన్న ఫ్రిజ్ తాలూకు పెద్ద అట్ట, పాత వార్తాపత్రికలు అన్నీ చర్చి వెనక వరండాలో పోగుపడతాయి. క్రిస్మస్ నాటిక రిహార్సల్స్ మొదలయ్యాయన్నమాట. గొర్రెల కాపరి వేషానికి ఎవరూ పోటీ పడరు. దుప్పటి కప్పుకుని కర్ర పట్టుకుంటే చాలు గనుక దాని మీద ఎవరికీ మోజు లేదు. జ్ఞానుల వేషాలకు కాస్త పరవాలేదు. హేరోదు సైనికుల వేషాల దగ్గరికి వచ్చేసరికే తగవులు మొదలవుతాయి.

ఎందుకు తగవో నాకు తెలుసు. పదేళ్ళ వయసులో నేనూ ఆ వేషం కోసం ఏడ్చినవాణ్ణే. బుడగ ఊది, దాని మీద చింపిన కాగితం ముక్కలను మైదా జిగురుతో పొరలు పొరలుగా అంటించి, రెండు రోజులు ఎండబెట్టి, బుడగ పగలగొడితే శిరస్త్రాణం తయారవుతుంది. నడినెత్తిన కుచ్చు కోసం చీపురు కట్ట ముక్కకు ఎర్ర రంగు వేస్తారు. అట్టను ఛాతీకి సరిపడా కత్తిరించి, పాత సైకిల్ ట్యూబు పట్టీలతో భుజాలకు తగిలిస్తే కవచం. వెదురు కర్ర ఈటె అవుతుంది. వాటి మీద వెండి కాగితం అంటించగానే, నిన్నటిదాకా ముక్కు కారుతూ తిరిగిన పిల్లవాడు నిటారుగా నిలబడతాడు.

ఆగస్టు 15కి, జనవరి 26కి బడిలో పెట్టే వేషాల పోటీలోనూ ఇదే తంతు. నాన్న పాత ఆకుపచ్చ ప్యాంటు కురచవుతుంది. బంగాళాదుంపను సగానికి కోసి రంగులో ముంచి అద్దితే మచ్చల మచ్చల మిలిటరీ గుడ్డ సిద్ధం. నీళ్ళ గొట్టం ముక్కలతో తుపాకీ, సోడా మూతలతో పతకాలు. బజార్లో దొరికే పల్చటి రెడీమేడ్ డ్రెస్సు కంటే అమ్మ కుట్టిన ఈ వేషమే మేలని నేనంటాను. ఇంట్లో అందరి చేతులూ దానిమీద పడతాయి. పిల్లలకు కత్తెర పట్టడం, సూదిలో దారం ఎక్కించడం వస్తుంది. కాబట్టి సైనిక వేషాలు మానేయమని చెప్పడానికి ఈ సంపాదకీయం రాయడం లేదు. ఆ వేషం గురించి కాసేపు మాట్లాడుకుందామనే.

మగపిల్లలకు సైనికుడి బొమ్మ అమ్మడం వెనక ఒక కథ ఉంది. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జో అనే బొమ్మను తెచ్చింది. దాదాపు ముప్పై సెంటీమీటర్ల ఎత్తు, కాళ్ళూ చేతులూ వంచవచ్చు, బట్టలు మార్చవచ్చు. అంటే ఆడపిల్లలు ఆడుకునే బొమ్మకూ దీనికీ పెద్ద తేడా లేదు. కానీ బొమ్మ అంటే మగపిల్లలు ముట్టరని, కంపెనీవాళ్ళు దానికి 'యాక్షన్ ఫిగర్' అని కొత్త పేరు పెట్టారు. వియత్నాం యుద్ధం మీద వ్యతిరేకత పెరిగాక, 1970 నాటికి అదే సైనికుణ్ణి యుద్ధం నుంచి తప్పించి సాహసయాత్రికుడిగా మార్చేశారు. తరవాత 1982లో చిన్న సైజులో మళ్ళీ సైనికుడిగా దింపారు. మన దేశంలో ఫన్‌స్కూల్ అవే బొమ్మలు తయారుచేసి అమ్మింది. బిడ్డ చేతిలోని సైనికుడు ఎవరితో పోరాడాలో, అసలు పోరాడాలో లేదో కూడా అమ్మకాలను బట్టి మారుతూ వచ్చిందన్నమాట.

ఇక టికిరి సంగతికి వస్తాను. రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో, రాయగడ నుంచి కొరాపుట్ వెళ్ళే రైలు మార్గం మీద ఉన్న ఊరు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ చుట్టుపక్కల కొండల్లో చాలా భాగం విశాఖపట్నం జిల్లాలోనిదే. అందుకే అటు తెలుగు మాటా, తెలుగు పాటా ఇప్పటికీ వినిపిస్తాయి. టికిరికి దగ్గర్లోనే దొరగుడలో ఉత్కల్ అల్యూమినా కర్మాగారం ఉంది. బాఫ్లిమాలి కొండ మీది బాక్సైట్ అక్కడికి వచ్చి తెల్లటి అల్యూమినా పొడి అవుతుంది. సుమారు నాలుగు టన్నుల బాక్సైట్ నుంచి రెండు టన్నుల అల్యూమినా, దాని నుంచి ఒక టన్ను అల్యూమినియం వస్తాయి. మనం పిల్లవాడి కిరీటానికీ కవచానికీ అంటించే ఆ వెండి కాగితంలో వెండి లేదు, అల్యూమినియం ఉంది. యుద్ధ విమానాలకు, క్షిపణులకు వాడేదీ ఆ లోహమే.

ఆ ప్రాజెక్టు వద్దని, తమ భూమీ నీళ్ళూ పోతాయని కాశీపూర్ ప్రాంతపు ఆదివాసులు ఏళ్ళ తరబడి అడ్డుకున్నారు. 2000 డిసెంబరు 16న మైకంచ్ గ్రామంలో పోలీసులు కాల్పులు జరిపారు. ఝోడియా ఆదివాసులు ముగ్గురు చనిపోయారు. క్రిస్మస్‌కు తొమ్మిది రోజుల ముందు. మనకు సరిగ్గా నాటిక రిహార్సల్స్ జోరుగా సాగే వారమది. ఆ ఊళ్ళ పిల్లలకు యూనిఫాం అనగానే ఏం గుర్తొస్తుందో, ఆ పక్క ఊళ్ళో నాటిక వేసే మన సండే స్కూలు టీచర్లు ఒక్కసారైనా అడిగి చూడాలి.

మత్తయి సువార్త రెండో అధ్యాయం తీయండి. బేత్లెహేములో పసిపిల్లల్ని చంపడానికి హేరోదు మనుషుల్ని పంపుతాడు. మన నాటికల్లో ఆ ఘట్టం ఎలా జరుగుతోంది? సైనికులు కవాతు చేస్తూ రాగానే చప్పట్లు, ఈలలు, ఫోన్లలో వీడియోలు. తల్లుల ఏడుపు రెండు నిమిషాల్లో ముగించి మళ్ళీ పాట అందుకుంటారు. ఆడియన్సు కూడా ఆ వేషాన్ని చూస్తున్నారు తప్ప ఆ వేషం చేస్తున్న పని చూడడం లేదు.

అయితే యూనిఫాం అంటే ఒకవైపే చెప్పడం అన్యాయం. 2008 ఆగస్టులో కంధమాల్‌లో మనవాళ్ళ ఇళ్ళూ చర్చిలూ తగలబడినప్పుడు సకాలంలో రాలేదని మనం నిందించిందీ, తరవాత సహాయ శిబిరాల గుమ్మం దగ్గర కాపలా కాసిందీ యూనిఫాంలోని మనుషులే. మన యువతలో ఎందరికో, ముఖ్యంగా దళిత, ఆదివాసీ కుటుంబాల పిల్లలకు, ఊళ్ళో తలెత్తుకు తిరిగే జీతం దొరికే దారి అదొక్కటే. తెల్లవారుజామున రోడ్ల మీద పరుగెత్తే కుర్రాళ్ళను చూడండి. నాలుగేళ్ళు పనిచేయించుకుని నూటికి పాతికమందినే ఉంచుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించగానే, 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏం జరిగిందో మనకు తెలుసు. సైన్యంలో చేరాలని సాధన చేస్తున్న ఒక కుర్రాడు కాల్పుల్లో చనిపోయాడు. ఆ బిడ్డ కూడా చిన్నప్పుడు ఎక్కడో మిలిటరీ వేషం వేసుకునే ఉంటాడని నా ఊహ.

మరొక మాట, ఇది పెద్దపిల్లలకు. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో సైనికుల దుస్తులు ధరించడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. మూడు నెలల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. నాటకానికి వేసుకుంటే నేరం కాదు, ఎందుకంటే అక్కడ ఎవరినీ మోసం చేయడం లేదు. కానీ కొరాపుట్, రాయగడ వంటి చోట్ల, మావోయిస్టుల కోసం బలగాలు గాలించిన అడవి దారుల్లో, పదహారేళ్ళ కుర్రాడు మచ్చల చొక్కాతో, భుజాన నల్ల రంగేసిన గొట్టంతో రాత్రిపూట బండి మీద ఇంటికి వెళ్ళకూడదు. వేషం స్టేజీ దగ్గరే విప్పి సంచిలో పెట్టండి. తుపాకీ అసలొద్దు, వెదురు ఈటె చాలు.

విబిఎస్‌లో సర్వాంగ కవచం పాఠం చెప్పేటప్పుడు నేనొకటి గమనించాను. అట్టతో శిరస్త్రాణం చేస్తారు, డాలు చేస్తారు, ఖడ్గానికైతే రెండు పొరల వెండి కాగితం. చెప్పులు మాత్రం ఎవరూ చేయరు. ఎఫెసీ పత్రికలో ఆ చెప్పులే సమాధాన సువార్తకు గుర్తు. పైగా ఆ మాటలు రాసిన పౌలు అప్పుడు సంకెళ్ళలో ఉన్నాడు. సైనికుల సామగ్రి పేర్లు ఆయనకు ఖైదీగా తెలుసు.

సువార్తల్లో సైనికులు స్వయంగా తయారుచేసిన వేషం కూడా ఒకటుంది. ఎర్రని అంగీ, ముళ్ళతో అల్లిన కిరీటం, చేతిలో రెల్లు. అధిపతి మందిరంలో, చేతికి దొరికిన వస్తువులతో, నవ్వుకోవడానికి చేసిన వేషమది. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి మేమేం చేయాలని అడిగిన సైనికులు వేరు. ఎవరినీ బెదిరించి డబ్బు గుంజవద్దని, అబద్ధపు కేసులు మోపవద్దని, జీతంతో తృప్తి పడమని వాళ్ళకు జవాబొచ్చింది. ఆ ఘట్టాన్ని నాటికగా వేసిన సంఘాన్ని నేనింతవరకు చూడలేదు. వేషాలు అవే సరిపోతాయి. కొత్త ఖర్చు లేదు.

ఈ ఏడు మా సండే స్కూల్లో దావీదు ఘట్టం కూడా కలుపుతున్నాం. సౌలు తన కవచం తొడిగితే నాలుగడుగులు వేసి, అలవాటు లేదని విప్పేసిన కుర్రవాడి కథ. దానికి పెద్దవాళ్ళ కొలతతో ఒక అట్ట కవచం చేశాం. చిన్నవాడు వేసుకుంటే మోకాళ్ళ దాకా వస్తోంది. నిన్న రిహార్సల్లో నడవబోయి బోర్లా పడ్డాడు. అందరికంటే ఎక్కువగా వాడే నవ్వాడు. వెండి కాగితం ఇంకా అంటించలేదు.