వరుసలో చివరివారు
బెంగళూరుకు పడమరగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని సావనదుర్గ ఏకశిల, అనగా అతుకులేని ఒకే రాతి కొండ, కనుక దానిని బృందంగా ఎక్కేవారి మధ్య పెరిగే ఎడం బట్టబయలుగా కనిపిస్తుంది. ముందున్నవారు ఆగి కూర్చున్నా, చివరి వ్యక్తి రొప్పుతూ వచ్చి నీళ్ల సీసా మూత తిప్పేలోగానే లేచి కదులుతారు, దానితో విశ్రాంతి ఎవరికి అత్యవసరమో వారికే అతి తక్కువగా దక్కుతుంది. ఇలా వెనుకబడటాన్ని ఆ వ్యక్తి ఓపికలేమిగా లెక్కించడం అన్యాయం, ఎందుకంటే లోపం కాళ్లలో కాదు, వరుసలో ఉంది. నెమ్మదిగా నడిచేవారినే ముందు నిలిపి, వారి అడుగునే బృందపు వేగంగా స్వీకరించాలి. శిఖరంపైని నంది మంటపానికి చేరడం అరగంట ఆలస్యమైతే కావచ్చు. మోకాళ్లు వణికే దిగుడు వేళ, నున్నని వాలుపై బూటు జారే చోట, ఈ క్రమం మరింత అవసరం.